అమ్మాయిని బెంచ్ మీదే కూర్చోబెడుతుంటే: అమెరికా హైస్కూల్ సాఫ్ట్‌బాల్ తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్‌లో వార్సిటీకి, అంటే స్కూల్ ప్రధాన సాఫ్ట్‌బాల్ టీమ్‌కి ఎంపికైంది. మొదటి నాలుగు మ్యాచుల్లో ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు. రెండుసార్లు క్యాచర్ బదులు బేస్ మీద పరుగెత్తడానికి పంపారు, అంతే. నాలుగో మ్యాచ్ అయ్యాక ఇంటికి కారులో పాతిక నిమిషాల దారి. ఆ పాతిక నిమిషాలూ నేనే మాట్లాడాను. కోచ్‌కి ఆట తెలియదన్నాను. సెకండ్ బేస్‌లో ఆడే పిల్ల రెండు బంతులు వదిలేసిందన్నాను. వాళ్ల నాన్న బూస్టర్ క్లబ్‌లో (టీమ్‌కి డబ్బు, సాయం సమకూర్చే తల్లిదండ్రుల సంఘం) ఉన్నాడు కాబట్టే ఆడిస్తున్నారన్నాను. ఇల్లు చేరాక అమ్మాయి కారు దిగుతూ, "అమ్మా, ఆ పిల్ల నా ఫ్రెండ్. రేపు ప్రాక్టీస్‌లో తన పక్కనే నిలబడాలి నేను" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత మూడు సీజన్లలో నేను నేర్చుకున్నవి, మిగతా తల్లిదండ్రులు పడుతుంటే చూసినవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. మేముండేది జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన. మీరు టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే సీజన్ తేదీలు, కొన్ని నియమాలు మారతాయి. పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

ముందుగా ఒక మాట. తెలుగువాళ్లకు ఈ బాధ కాస్త ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. మనం పెరిగింది ర్యాంకుల మధ్య. ఎంసెట్‌లో ఇంత ర్యాంకు వస్తే ఈ కాలేజీలో సీటు. మార్కుల లిస్టు గోడ మీద అంటిస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు. సాఫ్ట్‌బాల్ లైనప్‌కి అలాంటి లిస్టు ఉండదు. ఒక మనిషి చూసి, అంచనా వేసి, నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి కారణం మనకు చెప్పరు. కష్టపడితే ఫలితం వస్తుందని పిల్లకు పదిహేనేళ్లుగా చెప్పి, ఇప్పుడు తను కష్టపడుతున్నా బెంచ్ మీదే ఉంటే, మన మాటే అబద్ధమైనట్టు అనిపిస్తుంది. ఈ సంగతి మనకు మనం ఒప్పుకుంటే తర్వాతి పనులు తేలికవుతాయి.

మొదటి మెట్టు: బెంచ్ లెక్క అర్థం చేసుకోండి

మనలో చాలామంది క్రికెట్ కళ్లతో సాఫ్ట్‌బాల్ చూస్తాం. ఆ కళ్లు ఇక్కడ మోసం చేస్తాయి.

బేస్‌బాల్ లాంటి ఈ ఆటలో పిచ్చర్ బంతి వేస్తుంది, బ్యాటర్ దాన్ని కొట్టి బేస్‌లన్నీ చుట్టి వస్తే పరుగు. మైదానంలో తొమ్మిది మంది. డిజిగ్నేటెడ్ ప్లేయర్ పద్ధతి వాడుకుంటే లైనప్‌లో పది మంది ఉంటారు. ఫీల్డింగ్ మాత్రమే చేసే ఒక అమ్మాయి బదులు ఇంకో అమ్మాయి బ్యాటింగ్ చేస్తుంది. టీమ్‌లో పదిహేను మంది ఉన్నారనుకుంటే, ప్రతి మ్యాచ్‌లోనూ ఐదారుగురు బెంచ్ మీద ఉండక తప్పదు. మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్. అంటే ఒక టీమ్‌కి ఇరవై ఒక్క అవుట్లు. తొమ్మిది మంది బ్యాటర్లకు అవి పంచి, అవుట్ కాకుండా బేస్ చేరినవి కూడా కలిపితే ఒక్కొక్కరికి దాదాపు మూడుసార్లు బ్యాటింగ్ వస్తుంది. మధ్యలో ఎవరినైనా మార్చడానికి కోచ్‌కి దొరికే సందు చాలా తక్కువ.

అలాగని మార్చడమే కుదరదని కాదు. క్రికెట్‌లో పన్నెండో ఆటగాడు ఫీల్డింగ్ చేసి వెళ్లిపోతాడు, మామూలుగా బ్యాటింగ్ చేయడు. ఇక్కడ బదులుగా వచ్చిన అమ్మాయి బ్యాటింగ్ కూడా చేయవచ్చు. మొదటి లైనప్‌లో ఉన్న అమ్మాయిని బయటికి తీసి, మళ్లీ ఒకసారి అదే బ్యాటింగ్ స్థానంలోకి తీసుకురావచ్చు. పిచ్చర్, క్యాచర్ బేస్ మీదికి చేరితే, ఆ మ్యాచ్‌లో ఇంకా ఆడని అమ్మాయిని వాళ్ల బదులు పరుగెత్తడానికి పంపవచ్చు. దీన్ని కర్టసీ రన్నర్ అంటారు. మా అమ్మాయిని అలా పంపినప్పుడు నేను అవమానంగా తీసుకున్నాను. నిజానికి తన కాళ్ల వేగం మీద, బేస్‌ల మీద తన బుర్ర మీద కోచ్‌కి నమ్మకం ఉందనడానికి అదే మొదటి గుర్తు. నాకది తెలియలేదు.

ఇంకో లెక్క. బేస్‌ల మధ్య దూరం అరవై అడుగులు. ఎడమ చేతి వైపు నిలబడి బంతిని తట్టి పరుగెత్తే వేగవంతమైన అమ్మాయి దాదాపు మూడు సెకన్లలో ఫస్ట్ బేస్ చేరుతుంది. ఆ మూడు సెకన్లలో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) బంతిని అందుకుని, చేతిలోకి తీసుకుని, విసరాలి. బంతి చేతిలో ఒక్కసారి తడబడితే అవుట్ పోయినట్టే. పిచ్చర్ నిలబడేది నలభై మూడు అడుగుల దూరంలో. గంటకు అరవై మైళ్ల వేగంతో వేస్తే బంతి అర సెకనులోపే బ్యాటర్ దగ్గర ఉంటుంది. బ్లీచర్స్‌లో కూర్చున్న మనకు ఇద్దరమ్మాయిలు ఒకేలా కనిపిస్తారు. ఆ అర సెకను తేడాని కోచ్ వారానికి ఐదు రోజులు ప్రాక్టీస్‌లో చూస్తారు, మనం చూడం.

అందుకే గణాంకాలతో వాదన మొదలుపెట్టకండి. ఫోన్‌లో స్కోర్లు, గణాంకాలు చూపే గేమ్‌చేంజర్ యాప్ తెరిచి, "మా అమ్మాయి సగటు నాలుగు వందలు, ఆ పిల్లది రెండు వందల ఎనభై" అనే తండ్రుల్ని చాలామందిని చూశాను. ఇక్కడ సగటును వెయ్యికి లెక్కకడతారు: పదిసార్లు బ్యాటింగ్ చేసి నాలుగు హిట్లు కొడితే సగటు నాలుగు వందలు. అందులో ఒక బంతి ఫీల్డర్ చేతికి చిక్కి ఉంటే అదే మూడు వందలు. పది అవకాశాల మీద లెక్కకట్టిన సగటు ఎవరినీ ఒప్పించలేదు.

రెండో మెట్టు: సీజన్‌కి ముందే పని మొదలుపెట్టండి

జార్జియాలో హైస్కూల్ ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ శరదృతువు ఆట. ఆగస్టులో మొదలై, స్టేట్ ఛాంపియన్‌షిప్ దాకా వెళ్లిన టీములకు అక్టోబర్ చివరికి ముగుస్తుంది. ఆ ఫైనల్స్ జరిగే కొలంబస్ ఊళ్లోనే 1996లో సాఫ్ట్‌బాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లో ఆడారు. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చాలా రాష్ట్రాల్లో ఇది వసంతకాలపు ఆట.

ఈ తేదీలు మనకు ఎందుకు ముఖ్యమంటే, మన ఇండియా ప్రయాణాల వల్ల. స్కూల్ సెలవులు ఇవ్వగానే టికెట్లు కొనుక్కుని, జూలై చివరిదాకా హైదరాబాద్‌లోనో రాజమండ్రిలోనో ఉండి, ప్రాక్టీస్ మొదలైన వారానికి పిల్లను దింపుతాం. జెట్‌లాగ్‌తో వచ్చిన పిల్ల, వేసవంతా టీమ్‌తో వెయిట్‌రూమ్‌లో ఉన్న పిల్లతో పోటీపడాలి. అక్టోబర్‌లో దసరా, శని ఆదివారాల్లో మనబడి తెలుగు క్లాసు, కూచిపూడి క్లాసు, ఎస్‌ఏటీ కోచింగ్. ఇవేవీ తప్పు కాదు. నేనూ మా అమ్మాయిని వీటిలో దేన్నీ మానిపించలేదు. కానీ ప్రాక్టీస్‌కి రాని రోజుల్ని కోచ్ లెక్కపెడతారు. ఆ లెక్క ఎంతవరకు లైనప్ మీద పడుతుందో ముందే అడిగి తెలుసుకుని, ఆ తర్వాత టికెట్లు కొనండి.

అడగడానికి సరైన చోటు సీజన్‌కి ముందు పెట్టే పేరెంట్స్ మీటింగ్. చాలామంది మనవాళ్లు ఆఫీసు కాల్ ఉందని దీనికి వెళ్లరు. వెళ్లండి. అక్కడ ఇచ్చే కాగితాలు చదవండి. చాలా స్కూళ్ల హ్యాండ్‌బుక్‌లో ఒక పేరా ఉంటుంది: కోచ్‌తో తల్లిదండ్రులు ఏం మాట్లాడవచ్చు, ఏం మాట్లాడకూడదు అని. పిల్లను ఎలా చూస్తున్నారు, ఎలా మెరుగుపడాలి, ప్రవర్తనలో ఏమైనా మార్పు ఉందా అన్నవి మాట్లాడవచ్చు. ఎవరిని ఎంతసేపు ఆడించాలి, వ్యూహం ఏంటి, వేరే పిల్లల సంగతి ఏంటి అన్నవి చర్చకు రావని చాలాచోట్ల స్పష్టంగా రాసి ఉంటుంది. దాని మీద మీరు, అమ్మాయి సంతకం కూడా పెట్టి ఉంటారు. తర్వాత ఏ మాట ఎలా ఎత్తాలో ఆ కాగితమే నేర్పిస్తుంది.

మీటింగ్‌లో రెండే ప్రశ్నలు అడగండి. జేవీ (జూనియర్ వార్సిటీ, అంటే స్కూల్ రెండో టీమ్) నుంచి వార్సిటీకి పిల్లల్ని ఎప్పుడు, దేన్నిబట్టి తీసుకుంటారు? ప్రాక్టీస్ మానితే ఏమవుతుంది? మిగతావి మీ అమ్మాయి అడగాల్సినవి.

మూడో మెట్టు: మ్యాచ్ రోజు నోరు కట్టేసుకోండి

ఇక్కడ ఒక పాత నియమం ఉంది, ఇరవై నాలుగు గంటల నియమం. మ్యాచ్ అయ్యాక ఒక రోజు గడిచేదాకా కోచ్‌ని కలవకూడదు, మెసేజ్ పెట్టకూడదు, ఈమెయిల్ రాయకూడదు. కోపం వచ్చిన వెంటనే రాయాలనిపిస్తే రాయండి, కానీ అడ్రస్ పెట్టకుండా డ్రాఫ్ట్‌లో ఉంచండి. మర్నాడు సాయంత్రం చదివితే అందులో సగం మీరే కొట్టేస్తారు.

కారు ప్రయాణం ఇంకా కష్టం. పిల్ల మూడు గంటలు బెంచ్ మీద కూర్చుని, గొంతు పోయేలా టీమ్ కోసం అరిచి, ఒంటరిగా వచ్చి మన పక్కన కూర్చుంటుంది. ఆ సమయంలో తనకు తీర్పు అక్కర్లేదు, తిండి కావాలి. నేను పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్లేదాన్ని. "తింటావా నాన్నా?" అని ఒక మాట. తనే మొదలుపెడితే వినడం. తను లైనప్ గురించి ఏడిస్తే, "అవును, చాలా బాధగా ఉంటుంది" అనడం వరకే. "కోచ్ అన్యాయం చేస్తున్నారు" అని మనం అన్నామంటే, మర్నాడు ఆ కోచ్ చెప్పే ప్రతి మాటనీ పిల్ల అనుమానంగా వింటుంది. దానివల్ల ఆట ఇంకా పాడవుతుంది.

బెంచ్ మీద తను చేసిన పని గమనించి ఉంటే అది చెప్పండి. ఒకసారి అవతలి పిచ్చర్ చేంజప్ (వేగం తగ్గించి బ్యాటర్‌ని మోసం చేసే బంతి) వేసే ముందు గ్లవ్ కొంచెం వెడల్పు చేస్తోందని మా అమ్మాయి డగౌట్‌లో కనిపెట్టి బ్యాటర్లకు చెప్పింది. ఆ సంగతి ఆ రోజు కారులో చెప్పిన తీరు చూసి, తనకు ఈ ఆట ఎంత ఇష్టమో నాకు మొదటిసారి తెలిసింది.

వాట్సాప్ గ్రూపుల గురించి కూడా చెప్పాలి. టీమ్ పేరెంట్స్ గ్రూపులోనే కాదు, మన తెలుగువాళ్ల గ్రూపులో కూడా కోచ్ గురించి ఏమీ రాయకండి. స్క్రీన్‌షాట్ ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. మనసులో మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే, ఆ టీమ్‌తో ఏ సంబంధమూ లేని అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేయండి.

నాలుగో మెట్టు: బాధ ఏ రకానిదో విడదీయండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. అన్నీ కలిపి ఒకే ఫిర్యాదుగా పట్టుకెళ్తే, అసలైనది కూడా ప్లేయింగ్ టైమ్ గొడవలో కొట్టుకుపోతుంది.

కాగితం తీసుకుని మూడు భాగాలు చేయండి. మొదటిది ఆడే సమయం: బెంచ్, బ్యాటింగ్ ఆర్డర్, నచ్చిన పొజిషన్ ఇవ్వకపోవడం, జేవీకి పంపడం. రెండోది మర్యాద: కోచ్ మాట తీరు, అందరి ముందు హేళన, ఒకే తప్పుకు ఒకరికి ఒక శిక్ష ఇంకొకరికి ఇంకో శిక్ష. మూడోది భద్రత: తలకు దెబ్బ, నొప్పితో ఆడించడం, చేయి చేసుకోవడం, లైంగికంగా తప్పుగా ప్రవర్తించడం, రాత్రిపూట పిల్లకు విడిగా మెసేజ్‌లు పంపడం.

మొదటి భాగంలో ఉన్నవన్నీ కోచ్ నిర్ణయాలు. అవి తప్పు కావచ్చు. కోచ్‌లు కూడా తప్పులు చేస్తారు. వాళ్లలో చాలామంది పగలంతా క్లాసులో పాఠం చెప్పి, చిన్న స్టైపెండ్ మీద సాయంత్రాలు మైదానంలో గడిపే టీచర్లు. అయినా ఆ నిర్ణయం వాళ్లదే. దాని గురించి అడిగే హక్కు మీ అమ్మాయికి ఉంది. ఆ సంభాషణ తనది. రెండు, మూడు భాగాల్లో ఉన్నవి మీవి. మీ శక్తి వాటికోసం దాచుకోండి.

"మనం ఇండియన్స్ కాబట్టే ఆడించడం లేదేమో" అనే అనుమానం ఎక్కడ రాయాలి? చాలా ఇళ్లలో ఈ మాట వంటింట్లో గొంతు తగ్గించి అనుకుంటారు. దాన్ని కొట్టిపారేయకూడదు, వెంటనే ఖాయం చేసుకోకూడదు. బెంచ్ మీద ఉండటం ఒక్కటే రుజువు కాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. పేరు పలకడం నేర్చుకోకుండా కావాలనే వంకరగా పిలుస్తున్నారా? తిండి మీద, బొట్టు మీద, యాస మీద జోకులు వేస్తుంటే కోచ్ విని ఊరుకుంటున్నారా? ఆలస్యంగా వచ్చిన ఇద్దరిలో మీ అమ్మాయినే పరుగెత్తించారా? ఇలాంటివి జరిగితే అదే రోజు తేదీ, చోటు, అన్న మాట, విన్నవాళ్లు ఎవరు అని రాసిపెట్టుకోండి. ప్రభుత్వ నిధులు తీసుకునే స్కూలు జాతిని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదని 1964 పౌర హక్కుల చట్టం చెబుతోంది. అది లైనప్ గురించిన ఫిర్యాదు కాదు, దానికి దారి వేరు.

బూస్టర్ క్లబ్ అనుమానం కూడా ఇలాంటిదే. నేను ఆ తండ్రి గురించి కారులో అన్న మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. తర్వాతి సీజన్లో నేను కూడా కన్సెషన్ స్టాండ్‌లో నాచోలు అమ్మాను, స్కోర్‌బుక్ రాశాను. దానివల్ల మా అమ్మాయికి ఒక్క ఇన్నింగ్స్ కూడా పెరగలేదు. నాకు మాత్రం స్కోర్‌బుక్ రాస్తూ రాస్తూ ఆట కనిపించడం మొదలైంది.

ఐదో మెట్టు: అమ్మాయే కోచ్‌తో మాట్లాడాలి

ఇది మన పిల్లలకు అంత సులువు కాదు. పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడకూడదని నేర్పింది మనమే. మా అమ్మాయి మొదట, "అడిగితే ఇంకా పక్కన పెడతారమ్మా" అంది. అందుకే రెండు సాయంత్రాలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని సాధన చేశాం. వాళ్ల నాన్న కోచ్‌లా, తను తనలా. మొదటిసారి తను నేల చూపులు చూస్తూ ఒక్క వాక్యం కూడా పూర్తి చేయలేదు. ఐదోసారికి గొంతు నిలబడింది.

ఎప్పుడు అడగాలి? మ్యాచ్ రోజు వద్దు, మ్యాచ్ ముందు రోజు వద్దు, టెక్స్ట్‌లో వద్దు. ప్రాక్టీస్ రోజు ముందుగా వెళ్లి, "కోచ్, ఈ వారంలో మీకు వీలైనప్పుడు పది నిమిషాలు మాట్లాడవచ్చా?" అని అడిగితే చాలు.

ఏమడగాలి అన్నదే అసలు సంగతి. "నన్నెందుకు ఆడించడం లేదు?" అన్న ప్రశ్నకు కోచ్ తన నిర్ణయాన్ని సమర్థించుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడతారు. దానికి బదులు:

"ఈ టీమ్‌లో ఇప్పుడు నా పాత్ర ఏమిటని మీరు అనుకుంటున్నారు?"

"నేను ఏ రెండు విషయాల్లో మెరుగైతే మీకు నన్ను ఆడించాలనిపిస్తుంది?"

"నేను సరిగ్గా చేస్తున్నానో లేదో రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చి అడగవచ్చా?"

మూడో ప్రశ్న మర్చిపోవద్దు. అది అడిగితే కోచ్ కూడా ఆ రెండు వారాలు పిల్లను ప్రత్యేకంగా గమనిస్తారు.

మా అమ్మాయికి వచ్చిన జవాబు మేమెవరం ఊహించింది కాదు. బ్యాటింగ్ గురించి కోచ్ ఏమీ అనలేదు. అవుట్‌ఫీల్డ్ నుంచి తను విసిరే బంతి ఎత్తుగా వెళ్తోందట. మధ్యలో నిలబడే కటాఫ్ ఫీల్డర్ తల మీదుగా పోతుంటే, బేస్ మీద ఉన్నవాళ్లు ఇంకో బేస్ ముందుకు వెళ్తున్నారట. అది ప్రాక్టీస్‌లో కనిపించే తప్పు, మ్యాచులు మాత్రమే చూసిన నాకు తెలిసే వీలే లేదు. ఆ శనివారం నుంచి పార్కులో వాళ్ల నాన్న చెయ్యెత్తి నిలబడితే ఆయన ఛాతీ ఎత్తుకు బంతి వేయడం మొదలుపెట్టింది. సీజన్ చివరికి ఏడో ఇన్నింగ్స్‌లో ఫీల్డింగ్ కోసం పంపడం మొదలైంది. ప్రతి కథా ఇలా తిరగదు. జవాబు "నీకన్నా ఆ అమ్మాయి ప్రస్తుతం బాగా ఆడుతోంది" అని కూడా రావచ్చు. ఆ మాటను పిల్ల కోచ్ నోటి నుంచి సూటిగా వినడం, మన కోపంలోంచి వినడం కన్నా మేలు.

ఆరో మెట్టు: అవసరమైతే మీరు కలవండి

అమ్మాయి ఒకసారి మాట్లాడాక, రెండోసారి అడిగాక కూడా స్పష్టత రాకపోతే, లేదా విషయం రెండో భాగానికి చెందినదైతే, మీరు అపాయింట్‌మెంట్ అడగండి. ఈమెయిల్ నాలుగు లైన్లు దాటకూడదు. ఇంచుమించు ఇలా:

"కోచ్ గారూ, మా అమ్మాయి ఆటలో ఎదగడానికి మేం ఇంట్లో ఎలా సాయపడాలో మీతో మాట్లాడాలనుకుంటున్నాం. తను కూడా మాతో ఉంటుంది. వచ్చే వారం ప్రాక్టీస్ ముందు ఇరవై నిమిషాలు వీలవుతుందా?"

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు కూడా ఇంతే సాదాగా రాయండి. మన ఆఫీసు ఈమెయిళ్ల అలవాటుకొద్దీ కింద అథ్లెటిక్ డైరెక్టర్‌ని (స్కూల్ ఆటలన్నీ చూసే అధికారి) సీసీలో పెట్టకండి. అది బెదిరింపులా కనిపిస్తుంది.

అమ్మాయి గదిలో ఉండాలి. తను లేకుండా మాట్లాడితే మనం ఏం మాట్లాడామో తనకు తెలియదు, కోచ్‌కి పిల్ల మనసు తెలియదు. భార్యాభర్తలిద్దరూ వెళ్తే ఒక్కరే మాట్లాడండి, రెండోవారు రాసుకోండి. వేరే పిల్ల పేరు ఒక్కసారి కూడా నోట రాకూడదు. మీకు క్రికెట్‌లో ఉన్న అనుభవం, యూనివర్సిటీ టీమ్‌కి ఆడిన సంగతి ఇక్కడ చెప్పొద్దు. మర్యాదకు సంబంధించిన ఫిర్యాదైతే జరిగిన సంఘటన ఒకటి చెప్పి, "దీనివల్ల అమ్మాయి ప్రాక్టీస్‌కి రావడానికి భయపడుతోంది, మీ వైపు నుంచి ఏం జరిగిందో చెప్తారా?" అని అడిగి ఆగండి. ఆ ఆగడం కష్టమే, కానీ కోచ్ మాట్లాడేది అప్పుడే.

ఏడో మెట్టు: పై మెట్లు, నేరుగా ఎక్కాల్సిన మెట్లు

మర్యాద విషయంలో కోచ్‌తో పరిష్కారం కాకపోతే అథ్లెటిక్ డైరెక్టర్, ఆ తర్వాత ప్రిన్సిపల్, ఆ పైన స్కూల్ డిస్ట్రిక్ట్. తేదీలతో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. ప్లేయింగ్ టైమ్ గురించి మాత్రం ఈ మెట్లు ఎక్కి లాభం లేదు. ఏ డైరెక్టరూ లైనప్ మార్చమని కోచ్‌కి చెప్పరు, చెప్పకూడదు కూడా.

భద్రత విషయంలో మెట్లు లేవు, ఇరవై నాలుగు గంటల నియమం లేదు. తలకు బంతి తగిలి పిల్లకు కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా, ఆ రోజు మళ్లీ మైదానంలోకి వెళ్లకూడదు. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం మొదట చట్టం చేసింది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. అర్హత ఉన్న వైద్య నిపుణులు పరీక్షించి అనుమతిస్తేనే తిరిగి ఆడాలి. కోచ్ పంపుతుంటే మీరు బ్లీచర్స్ దిగి డగౌట్ దగ్గరికి వెళ్లండి. నలుగురూ చూస్తారని ఆగకండి. కొట్టడం, లైంగిక వేధింపు లాంటివైతే స్కూల్‌తో పాటు పోలీసులకు, పిల్లల రక్షణ విభాగానికి అదే రోజు చెప్పండి. స్కూల్ బయట యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ అనే జాతీయ సంస్థ కింద నడిచే ట్రావెల్ టీమ్‌లో (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే క్లబ్ టీమ్) జరిగితే, క్రీడల్లో వేధింపుల ఫిర్యాదులు చూడటానికి 2017లో మొదలైన యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్‌కి కూడా ఫిర్యాదు చేయవచ్చు.

తక్కువగా మాట్లాడుకునే ఇంకో సంగతి: ఎక్కువ ఆడించడం. బెంచ్ మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు అసూయపడే ఆ ఏస్ పిచ్చర్ తల్లి బాధ వేరు. అబ్బాయిల బేస్‌బాల్‌లో పిచ్చర్ వేసే బంతులకు ప్రతి రాష్ట్రమూ పరిమితి పెట్టాలని 2017 నుంచి జాతీయ నియమం ఉంది. సాఫ్ట్‌బాల్‌కి ఆ జాతీయ నియమాల్లో అలాంటిది లేదు. చెయ్యి కింది నుంచి తిప్పి వేస్తే భుజానికి ఏమీ కాదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు, భుజం నొప్పితో ఆట మానుకున్న పిల్లలు ఉన్నారు. మీ అమ్మాయి పిచ్చరైతే తను వేసే బంతులు మీరే లెక్కపెట్టండి. నొప్పి ఉంటే డాక్టర్ చీటీతో ఆపండి.

ఒక్కో స్కూల్లో కనిపించే ఇంకో అన్యాయం మైదానాలది. అబ్బాయిల బేస్‌బాల్ మైదానానికి ఫ్లడ్‌లైట్లు, మంచి డగౌట్, స్కోర్‌బోర్డు ఉంటాయి. అమ్మాయిల మైదానంలో గడ్డి కూడా సరిగా ఉండదు. ఇది 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కిందికి వచ్చే విషయం. "అవి బేస్‌బాల్ బూస్టర్ క్లబ్ డబ్బుతో కట్టినవి" అనే జవాబు ఆ చట్టం ముందు నిలబడదు. డబ్బు ఎవరిదైనా, సమానంగా చూసే బాధ్యత స్కూలుదే. స్కూల్ డిస్ట్రిక్ట్‌లో టైటిల్ నైన్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు. టీమ్ తల్లిదండ్రులందరూ కలిసి వెళ్లి అడగదగిన పని ఇది. నా అభిప్రాయంలో, ఇన్నింగ్స్ లెక్కపెట్టుకుంటూ ఒకరి మీద ఒకరం పెట్టే కోపంలో పదో వంతు దీనిమీద పెడితే పిల్లలందరికీ మేలు.

ఎనిమిదో మెట్టు: ఏదీ మారకపోతే

మారకపోవచ్చు. అప్పుడు ఎంచుకోవాల్సింది అమ్మాయి, మీరు కాదు.

వార్సిటీ బెంచ్ కన్నా జేవీలో రోజూ ఆడటం మంచిదా అని కోచ్‌ని అడగవచ్చు. టెన్త్ గ్రేడ్ పిల్లకు చాలాసార్లు అదే మంచిది. వార్సిటీ జాకెట్ కోసం ఏడాదంతా కూర్చుంటే చేతులు ఆట మర్చిపోతాయి. సీజన్ మధ్యలో మానేయడం మాత్రం వద్దు, భద్రత సమస్య ఉంటే తప్ప. మిగతా పిల్లలు తనను నమ్ముకుని ఉన్నారు.

స్కూల్ మారదామనుకునే ముందు మీ రాష్ట్ర హైస్కూల్ క్రీడా సంఘం నియమాలు చదవండి. జార్జియాలో జీహెచ్ఎస్ఏ, టెక్సస్‌లో యూఐఎల్, కాలిఫోర్నియాలో సీఐఎఫ్. ఇల్లు మారకుండా ఆట కోసమే స్కూల్ మారితే కొంతకాలం వార్సిటీ ఆడే అర్హత పోవచ్చు.

కాలేజీ గురించి భయపడేవాళ్లకు ఒక ఊరట. సాఫ్ట్‌బాల్‌లో కాలేజీ కోచ్‌లు పిల్లల్ని ఎక్కువగా చూసేది వేసవి ట్రావెల్ బాల్ టోర్నమెంట్లలో, హైస్కూల్ మ్యాచుల్లో కాదు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ వన్ కోచ్‌లు నేరుగా మాట్లాడటం మొదలుపెట్టేది జూనియర్ ఇయర్ (పదకొండో గ్రేడ్) సెప్టెంబర్ 1 నుంచి. డివిజన్ త్రీ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ ఆడే చోటు ఇస్తాయి. దేశంలో మూడు లక్షలకు పైగా అమ్మాయిలు హైస్కూల్ సాఫ్ట్‌బాల్ ఆడతారు, వాళ్లలో చాలా కొద్దిమందే కాలేజీలో ఆడతారు. అప్లికేషన్‌లో రాసుకోవడానికి మాత్రమే మీ అమ్మాయిని ఆడిస్తున్నట్టయితే, ఒకసారి తననే అడగండి, "నీకు ఇంకా ఆడాలనుందా తల్లీ?" అని. జవాబు ఏదైనా వినడానికి సిద్ధపడి అడగండి.

సీజన్ ముగిశాక చాలామంది కోచ్‌లు ఒక్కో పిల్లతో విడిగా పది నిమిషాలు మాట్లాడతారు. మాట్లాడకపోతే అమ్మాయే అడగాలి. వేసవిలో ఏం చేయాలో, ఏ వారాల్లో టీమ్ వ్యాయామాలుంటాయో అప్పుడే తెలుస్తుంది. మేం ఇండియా టికెట్లు ఇప్పుడు ఆ మాట విన్నాకే కొంటున్నాం. పోయిన నవంబర్‌లో నేను స్కూల్ పార్కింగ్‌లో కారులోనే కూర్చున్నాను. తను ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని లోపలికి వెళ్లింది. బయటికి వచ్చాక నేనేమీ అడగలేదు. సగం దారిలో తనే నోట్‌బుక్ తెరిచి, ఎడమ చేతి బ్యాటింగ్ నేర్చుకోమన్నారని, జూన్ మొదటి వారం ఊళ్లోనే ఉండాలన్నారని చదివి వినిపించింది.